3018 సీఎన్‌సీ కిట్టు: బెంగళూరు అద్దె ఇంట్లో పెట్టుకోదగ్గదేనా?

హాబీ సీఎన్‌సీ రూటర్ (కంప్యూటరు చెప్పినట్టు తిరిగే బిట్టుతో చెక్కను కోసే, చెక్కే మెషిన్) కొందామని వెతికితే ముందు ఎదురయ్యేది 3018. డబ్బా మీద పేరు అమ్మేవాళ్లను బట్టి మారుతుంది గానీ విప్పి చూస్తే లోపల సరుకు దాదాపు ఒకటే. కొలత పేరులోనే ఉంది: అడ్డంగా 30 సెంటీమీటర్లు, లోపలికి 18. ఎత్తు 45 మిల్లీమీటర్లని రాస్తారు. కింద పరిచే ఎండీఎఫ్ పలక మందం, పైన బిట్టు పొడవు తీసేస్తే చేతికి మిగిలేది 25, మహా అయితే 30. ధర అమ్మేవాళ్లను బట్టి, ఫ్రేమును బట్టి 15 నుంచి 25 వేల మధ్యలో ఉంటుంది. దానికి ఇంకో మూడో వంతు పక్కన పెట్టుకోకుండా దిగొద్దు. ఆ డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో కింద వస్తుంది.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్లకు తీర్పు ఇక్కడే. తెలుగులో ఇంటి నేమ్ ప్లేట్లు, ఒక వైపు పీసీబీలు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు), 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, మెత్తటి కలప మీద చెక్కుడు పనికి ఈ మెషిన్ డబ్బుకు తగ్గదే. టేకు పలకను లోతుగా కోయడానికి, అల్యూమినియం బ్రాకెట్లకు, అమ్ముకునే సరుకు రోజూ తీయడానికి దీన్ని కొంటే నెల తిరిగేలోపు మూలన పడుతుంది. సీఎన్‌సీ అంటే ఏమిటో వేళ్లకు తెలియాలంటే మాత్రం ఇంతకంటే చవకైన గురువు దొరకడు.

డబ్బాలో 20×20 అల్యూమినియం ప్రొఫైళ్లు, 10 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలు, వాటి మీద జారే లీనియర్ బేరింగులు, తిరుగుతూ మెషిన్‌ను జరిపే టీ8 లీడ్‌స్క్రూలు, వాటిని తిప్పే మూడు నెమా 17 మోటార్లు, బిట్టును పట్టుకునే ఈఆర్11 కాలెట్ బిగించిన 775 మోటారు, ఒక కంట్రోలర్ బోర్డు, 24 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టరు, నాలుగు క్లాంపులు, కొన V ఆకారంలో ఉండే పది వీ-బిట్లు ఉంటాయి. పక్క పలకలు పాత రకంలో బేకలైటువి, కొత్త రకంలో అల్యూమినియంవి. రెండు మూడు వేలు తేడా ఉన్నా అల్యూమినియందే తీసుకోండి. బేకలైటులో బోల్టు బిగిస్తే రంధ్రం అంచు నలుగుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా మూల నిలవదు.

దీని అసలు బలహీనత ఆ కడ్డీలే. రెండు చివర్ల తప్ప మధ్యలో ఆధారం లేదు. గుండ్రటి కడ్డీ గట్టిదనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది: 10 బదులు 12 మిల్లీమీటర్ల కడ్డీ వేస్తే రెట్టింపు గట్టిగా ఉండేది. పొడవు పెరిగితే మూడో ఘాతంలో వంగుతుంది. అందుకే బల్ల అంచుల దగ్గర శుభ్రంగా వచ్చిన కోత నడిమధ్యకు వచ్చేసరికి గరగరలాడుతుంది. స్పిండిల్‌ను, అంటే బిట్టును తిప్పే 775 మోటారును, బల్ల మధ్యకు తెచ్చి, డయల్ గేజి (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) ముల్లు దానికి ఆనించి, చూపుడు వేలితో నెట్టి చూడండి. ముల్లు కదలడం కళ్లారా చూశాక ఎంత లోతు కోయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

బిగింపు పని మూడు నాలుగు గంటలు. నేల మీద కూర్చుని చేయొద్దు. బెంగళూరు ఇళ్లలో అతి చదునైన చోటు వంటింటి గ్రానైటు గట్టు, కింది ఫ్రేము దాని మీదే కట్టండి. నాలుగు మూలలా మూలమట్టం పెట్టి చూసి, తర్వాత రెండు కర్ణాలూ టేపుతో కొలవాలి. అవి అర మిల్లీమీటరు లోపు కలవాలి. బోల్టులన్నీ ముందు చేతి బిగువుతోనే వదిలేయండి. క్యారేజీని ఒక చివరకు తోసి ఆ చివరి కడ్డీల బోల్టులు బిగించాలి, రెండో చివరకు తోసి అక్కడివి బిగించాలి. ఇలా చేస్తే కడ్డీలు తమంతట తామే సమాంతరంగా కూర్చుంటాయి. తర్వాత పవర్ పెట్టకుండా లీడ్‌స్క్రూను వేళ్లతో తిప్పి చూడండి. ఒక చివర తేలిగ్గా తిరిగి ఇంకో చివర బిగుసుకుపోతుంటే మోటారును తిట్టడం దండగ, కడ్డీలు ఇంకా వాలుగా ఉన్నాయి.

మోటారుకూ లీడ్‌స్క్రూకూ మధ్య ఉండే కప్లింగును కిట్టు పుస్తకంలో ఒక్క బొమ్మతో తేల్చేస్తారు గానీ సగం ఫిర్యాదులకు మూలం అదే. ఒక వైపు రంధ్రం 5 మిల్లీమీటర్లు, ఇంకో వైపు 8. షాఫ్టులు రెండూ లోపల ఒకదానికొకటి తగలకూడదు, ఒక మిల్లీమీటరు సందు ఉంచాలి. మోటారు షాఫ్టుకు చదునైన వైపు ఉంటే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) సరిగ్గా దాని మీదే కూర్చోవాలి. నీలం రంగు లాక్‌టైట్ 243 ఒక్క చుక్క చాలు. ఎర్రది వేస్తే మళ్లీ విప్పడానికి టార్చి తెచ్చి వేడి చేయాల్సి వస్తుంది. గుండ్రం గీయమంటే కోడిగుడ్డు గీసినా, అరగంట పని తర్వాత బిట్టు మొదలుపెట్టిన చోటికి తిరిగి రాకపోయినా ముందు ఈ గ్రబ్ స్క్రూనే చూడండి.

స్పిండిల్ సంగతి. 775 అనేది బ్రష్షులున్న డీసీ మోటారు, 24 వోల్టుల దగ్గర ఖాళీగా తిరిగితే నిమిషానికి 10 వేల చుట్ల దాకా వస్తుంది. ఈఆర్11 చక్కును 5 మిల్లీమీటర్ల షాఫ్టుకు తొడిగి పక్కనుంచి గ్రబ్ స్క్రూలతో బిగిస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది: స్క్రూ ఒక వైపు నుంచి నెట్టగానే చక్కు కేంద్రం తప్పుతుంది. బిట్టు కాడకు డయల్ గేజి ఆనించి చేత్తో ఒక్క చుట్టు తిప్పండి. ముల్లు 0.05 లోపు ఊగితే ఫర్వాలేదు. 0.1 దాటితే పీసీబీ పని మర్చిపోవాలి, 0.8 డ్రిల్లు బిట్లు అగ్గిపుల్లల్లా విరుగుతాయి. రెండు స్క్రూలనూ పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగిస్తూ ముల్లును చూస్తే చాలాసార్లు దారికొస్తుంది. రాకపోతే వేడి చేసి తొడిగే రకం చక్కు విడిగా కొనుక్కోవడమే.

కాలెట్‌ను చక్కులో పడేసి పైన నట్టు తిప్పేయడం మరో మామూలు పొరపాటు. ముందు కాలెట్‌ను కొంచెం వాల్చి నట్టు లోపలికి టక్కున నొక్కాలి, ఆ తర్వాతే చక్కుకు ఎక్కించాలి. అలా చేయకపోతే కాలెట్ వంకరగా కూర్చుంటుంది, బిట్టు విప్పేటప్పుడు చక్కులోనే ఇరుక్కుపోతుంది. కిట్టుతో వచ్చే కాలెట్ 3.175 మిల్లీమీటర్లది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మన బజారులో డ్రిల్లు బిట్లు 1, 2 మిల్లీమీటర్ల కాడలతో దొరుకుతాయి, అవి దీనిలో పట్టవు.

ఇక బోర్డు. దీని మీద నడిచేది గ్రబుల్ అనే ఉచిత ఫర్మ్‌వేర్. 2009లో సిమెన్ స్వాలె స్కోగ్‌స్రుడ్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం ఆర్డ్యునో ఊనోలోని చిన్న చిప్పులోనే సరిపోతుంది, హాబీ సీఎన్‌సీ ఇంత చవకవడానికి అదొక ముఖ్య కారణం. యూఎస్‌బీ పెట్టగానే విండోస్‌లో పోర్టు కనబడకపోతే సీహెచ్340 డ్రైవరు వేయాలి, వేగం 115200 ఎంచుకోవాలి. కంప్యూటరు నుంచి మెషిన్‌కు ఆదేశాలు (జీకోడ్) పంపే ప్రోగ్రాంగా క్యాండిల్ చాలు. యూనివర్సల్ జీకోడ్ సెండర్ అలవాటైతే అదీ మంచిదే.

రెండు డాలర్ గుర్తులు కొట్టి ఎంటర్ నొక్కితే సెట్టింగులన్నీ వస్తాయి. $100, $101, $102 అనేవి ఒక మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో చెబుతాయి. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవరు ఒక్కో స్టెప్పును 16 ముక్కలు చేస్తుంది, లీడ్‌స్క్రూ ఒక చుట్టుకు 4 మిల్లీమీటర్లు నడుస్తుంది. 200ను 16తో గుణించి 4తో భాగిస్తే 800. లీడ్‌స్క్రూ అరిగిపోయిందని 3డీ ప్రింటరు దుకాణం నుంచి కొత్తది తెచ్చి వేస్తే అది చాలావరకు 8 మిల్లీమీటర్ల లీడుది అయి ఉంటుంది. అప్పుడు ఆ అంకె 400 చేయాలి, లేకపోతే గీసినవన్నీ రెట్టింపు సైజులో వస్తాయి. 100 మిల్లీమీటర్లు నడవమంటే 99.8 నడిచిందని ఈ అంకెను గిల్లడం మొదలుపెట్టకండి. లీడ్‌స్క్రూ మెషిన్లలో ఆ తేడా ఎక్కువగా ఇత్తడి నట్టులోని లూజు వల్లో కొలిచిన తీరు వల్లో వస్తుంది. 0.1 అటు, 0.1 ఇటు నడిపి డయల్ గేజి మీద ఎంత తప్పిపోతోందో చూసి, నట్టు వెనక స్ప్రింగు ఉందో లేదో వెతకండి.

$110, $111 వేగం హద్దులు. నిమిషానికి 1000 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచండి. లేజరు మాడ్యూలుతో కలిపి అమ్మే కిట్లలో $32 ఒకటి మీద ఉండొచ్చు, రూటరు పనికి దాన్ని సున్నా చేయాలి. లేజరు మోడులో మెషిన్ ఖాళీగా కదిలేటప్పుడు స్పిండిల్‌ను ఆపేస్తుంది, అలా ఆగిన బిట్టు చెక్కలోకి దిగితే ముక్కలే. లేజరు ప్రస్తావన వచ్చింది కనుక: మొదట్లో ఆ కాంబో కొనొద్దు. నీలి లేజరు పారదర్శక అక్రిలిక్‌ను కోయలేదు, దానితో ఇచ్చే ఆకుపచ్చ కళ్లద్దాలను నమ్ముకుని కళ్లు పణం పెట్టలేం, పీవీసీ మీద వేస్తే క్లోరిన్ కలిసిన విషపు పొగ వస్తుంది.

లిమిట్ స్విచ్చులు (మెషిన్ చివరకు చేరిందని బోర్డుకు చెప్పేవి) లేని కిట్టు వెయ్యీ రెండు వేలు తక్కువకు దొరుకుతుంది. బెంగళూరులో ఆ ఆదా వద్దు, కారణం కరెంటు. సాయంత్రం వాన పడితే బెస్కామ్ కరెంటు పోతుంది. ల్యాప్‌టాపు బ్యాటరీ మీద నడుస్తూ ఆదేశాలు పంపుతూనే ఉంటుంది, స్పిండిల్ మాత్రం చెక్కలోనే ఆగిపోతుంది. తిరిగి పవర్ వచ్చాక తానెక్కడుందో మోటార్లకు తెలియదు. పని మొదలుపెట్టిన మూల, అంటే జీ54 సున్నా, చిప్పులో భద్రంగానే ఉంటుంది. కాకపోతే అది మెషిన్ సొంత మూల నుంచి కొలిచిన దూరం. స్విచ్చులుంటే డాలర్ హెచ్ కొట్టి హోమింగ్ చేయగానే, అంటే మెషిన్‌ను దాని సొంత మూలకు పంపగానే, ఆ దూరం మళ్లీ అర్థవంతమవుతుంది, ఆగిన వరుస నుంచి పని కొనసాగించవచ్చు. స్విచ్చులు లేకపోతే ఆరు గంటల చెక్కుడు చెత్తబుట్టకే. $130 నుంచి $132 వరకు మెషిన్ అసలు కొలతలు, అంటే 300, 180, 45, మీరే నింపుకోవాలి. సాఫ్ట్ లిమిట్లు (హద్దు దాటే ఆదేశాన్ని ముందే ఆపేవి) వాటిని బట్టే పనిచేస్తాయి.

పని మధ్యలో కారణం లేకుండా అలారం 1 (లిమిట్ స్విచ్చు తగిలిందనే హెచ్చరిక) వస్తోందంటే చాలాసార్లు స్విచ్చు నొక్కుకోలేదు, పక్క తీగల విద్యుత్ అలజడిని దాని తీగ పట్టుకుంది. స్పిండిల్ తీగల పక్కనే స్విచ్చు తీగలు కట్టిపడేస్తే ఇదే జరుగుతుంది. రెండింటినీ విడదీయండి, స్విచ్చు తీగకూ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వేయండి, మీటరు లోపు పొడవున్న ఫెరైటు ముడి ఉన్న యూఎస్‌బీ తీగ వాడండి. ఇవన్నీ ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డులో ఒక్క మధ్యాహ్నంలో దొరికేవే, ఆదివారం మాత్రం వెళ్లకండి. పాత అద్దె ఇళ్ల బాల్కనీ సాకెట్టులో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక ఎర్తు తీగ ఉండకపోవచ్చు, ముందు టెస్టరుతో చూసుకోండి. మెషిన్ ఫ్రేమును ముట్టుకుంటే జివ్వుమంటే యూఎస్‌బీ తెగిపోవడం ఖాయం.

మొదటి కోత దేనికి వాడాలంటే, బల్ల మీద వేసే 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలకను చదును చేయడానికి. మాడ్యులర్ కిచెన్ వర్క్‌షాపుల్లో మిగులు ముక్కలు అడిగితే దాదాపు ఊరికే ఇస్తారు. 3.175 బిట్టుతో, ఒక్కో వరుసకు 1.3 మిల్లీమీటర్లు జరుగుతూ 280×170 చోటును చదును చేస్తే 131 వరుసలు, మొత్తం 36 మీటర్ల పైచిలుకు నడక. నిమిషానికి 800 మిల్లీమీటర్ల చొప్పున ముప్పావు గంట. లోతు 0.2. ఇది విసుగు పని, మానేస్తే తర్వాత ప్రతి పనిలోనూ ఒక మూల లోతుగా, ఇంకో మూల గీతే పడకుండా వస్తుంది. చదును చేశాక పలక మీద గోటితో అడ్డంగా గీయండి. వరుస వరుసకూ మెట్టు తగులుతుంటే స్పిండిల్ ఒక పక్కకు వాలి ఉంది. స్పిండిల్ హోల్డరు వెనక కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్క పెట్టి సరిచేయవచ్చు, ఆ రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు.

కోత వేగాల గురించి ఒక్క లెక్క అర్థమైతే చాలు. నిమిషానికి నడిచే దూరాన్ని చుట్ల సంఖ్యతోనూ బిట్టు అంచుల సంఖ్యతోనూ భాగిస్తే ఒక్కో అంచు తీసే పెచ్చు మందం వస్తుంది. 10 వేల చుట్లు, ఒకే అంచున్న బిట్టు, 500 మిల్లీమీటర్ల వేగం అంటే 0.05. ఎండీఎఫ్‌కు ఇది సరిపోతుంది, లోతు ఒక్కోసారికి 0.5. నెమ్మదిగా నడిపితే బిట్టుకు మంచిదనుకుని వేగం 100కు తగ్గిస్తారు. అప్పుడు పెచ్చు 0.01 అవుతుంది. అంచు చెక్కను కోయదు, రాస్తుంది. చెక్క నల్లబడుతుంది, బిట్టు నీలం రంగు తిరుగుతుంది. పిండిలా సన్నటి ధూళి కాకుండా వేళ్ల మధ్య గరుకుగా తగిలే పొట్టు రాలుతుంటే సరైన దారిలో ఉన్నట్టు.

అక్రిలిక్‌కు 600 వేగం, 0.3 లోతు, ఒకే అంచు బిట్టు. దుకాణంలో కాస్ట్ అక్రిలిక్ అని అడిగి తీసుకోండి. ఎక్స్‌ట్రూడెడ్ రకం చవక, కానీ కోత వేడికి కరిగి బిట్టు చుట్టూ జిగురులా పేరుకుంటుంది. అల్యూమినియం చేయగలమా అంటే చేయగలం: 250 వేగం, 0.1 లోతు, చుక్కలు చుక్కలుగా డబ్ల్యూడీ-40. 2 మిల్లీమీటర్ల రేకు తెగడానికి 20 సార్లు తిరగాలి. ఈ మెషిన్ మీద ఆ పని సరదాకు ఒకసారి చేసి చూడాల్సిందే తప్ప దానికని కొనకూడదు.

పట్టు విషయానికొస్తే, కిట్టు క్లాంపులు ఎత్తుగా ఉండి స్పిండిల్ నట్టుకు తగులుతాయి. పలుచని ముక్కలకు వేస్ట్ బోర్డు (బల్ల మీద పరిచిన ఎండీఎఫ్ పలక) మీద మాస్కింగ్ టేపు, ముక్క అడుగున మాస్కింగ్ టేపు, రెంటి మధ్య ఫెవిక్విక్ నాలుగు చుక్కలు. నిమిషం నొక్కి పట్టుకుంటే క్లాంపు అక్కర్లేదు, పని అయ్యాక టేపు లాగేస్తే ముక్క మీద జిగురు మరక కూడా ఉండదు. ముక్కను పూర్తిగా కోసి విడదీసేటప్పుడు 4 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందంతో మూడు నాలుగు చోట్ల ట్యాబులు (ముక్కను పట్టి ఉంచే కోయని చిన్న వంతెనలు) వదలాలి. లేకపోతే చివరి చుట్టులో ముక్క ఊడి బిట్టుకు చిక్కుకుంటుంది.

మనవాళ్లు దీన్ని కొనేది ఎక్కువగా తెలుగు నేమ్ ప్లేటు కోసం. ఇక్కడ మెషిన్ కంటే ముందు సాఫ్ట్‌వేర్ దెబ్బ కొడుతుంది. బొమ్మను బిట్టు నడిచే దారిగా మార్చే క్యామ్ ప్రోగ్రాముల్లో చాలావాటిలో తెలుగును నేరుగా టైపు చేస్తే గుణింతాలు విడిపోతాయి, ఒత్తు అక్షరం కింద కాకుండా పక్కన నిలబడుతుంది. శ్రీ అని కొడితే శ, ర, ఈకారం విడివిడిగా బారులు తీరుతాయి. ఇంక్‌స్కేప్‌లో టైపు చేసి, కంట్రోల్, షిఫ్టు, సి మూడూ కలిపి నొక్కి అక్షరాలను గీతలుగా మార్చి, అక్కడినుంచి ఎస్వీజీగానో డీఎక్స్‌ఎఫ్‌గానో తీసుకెళ్లండి. ఆ తర్వాత ఏ ప్రోగ్రామూ వాటిని చెడగొట్టలేదు. వీ-కార్వింగు (వీ-బిట్టుతో అక్షరాలు చెక్కడం) దారి తీయడానికి ఉచితంగా ఎఫ్-ఎన్‌గ్రేవ్ ఉంది, ఫ్రీక్యాడ్‌లోనూ వీలుంది. ఫ్యూజన్ అనే మరో ప్రోగ్రాం ఉచిత లైసెన్సులో ఖాళీ కదలికలను కూడా కోత వేగంతోనే నడిపిస్తారని చాలామంది వాపోతారు. ఈ మెషిన్ గరిష్ఠ వేగమే 1000 కనుక దాని మీద పెద్ద నష్టమేమీ లేదు.

ఫాంటు ఎంపికలో తొందరపడకండి. రామభద్ర లాంటి బొద్దు ఫాంటు తెర మీద నిండుగా కనిపిస్తుంది, చెక్కలో దాని సున్నాల లోపలి చోటు పూడిపోతుంది. మండలి లాంటి సమమందపు గీతలున్నది మేలు. అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్లకు తగ్గితే ఒత్తుల్లోని చిన్న మెలికలు పెచ్చులుగా లేచిపోతాయి. లోతు లెక్క కూడా చూసుకోవాలి. 60 డిగ్రీల వీ-బిట్టుతో 3 మిల్లీమీటర్ల వెడల్పు గీత గీయాలంటే బిట్టు 2.6 మిల్లీమీటర్లు దిగాలి. 3.175 కాడ ఉన్న వీ-బిట్లలో చాలావాటి కోసే భాగం గరిష్ఠ వెడల్పు కూడా అంతే కాబట్టి, అంతకంటే వెడల్పైన గీతను అది ఒక్క దిగుడులో తీయలేదు. లావు గీతలుంటే మధ్య భాగాన్ని ముందు చదును బిట్టుతో తీసి, అంచులకు మాత్రం వీ-బిట్టు వాడాలి. మెత్తటి రబ్బర్‌వుడ్ పలక మీద 400 వేగం, ఒక్కోసారికి 0.5 లోతు. కిట్టుతో వచ్చే 20 డిగ్రీల బిట్లు ఈ పనికి అసలు పనికిరావు, అవి పీసీబీకి. 60, 90 డిగ్రీలవి విడిగా కొనాలి. ఇవే కొలతలు కన్నడ అక్షరాలకూ సరిపోతాయి. కింద కిరాణా షాపు అంకుల్ బోర్డు చేసిపెట్టమంటే మాత్రం దుకాణం బోర్డుల మీద ఇక్కడ తప్పనిసరైన 60 శాతం కన్నడను 18 సెంటీమీటర్ల లోపల పట్టించడం మీ వల్ల కాదని ముందే చెప్పేయండి.

పీసీబీ పనిలో ఈ మెషిన్ నిజంగా మెరుస్తుంది, కోత లోతు జుట్టు మందమే కనుక. రాగి పొర 35 మైక్రాన్లు. 30 డిగ్రీల వీ-బిట్టు, కొన 0.1 ఉంటే 0.1 లోతులో గీత వెడల్పు 0.15 వస్తుంది. లోతు 0.2కు పెరిగితే 0.21. ఈ చిన్న తేడాకే పక్కపక్కన ఉన్న ట్రాకులు ఎగిరిపోతాయి. బోర్డు ఎప్పుడూ కొంచెం వంగి ఉంటుంది కనుక క్యాండిల్‌లోని హైట్ మ్యాపు (బోర్డు ఎత్తును చోటుచోటా బిట్టుతో తాకి కొలవడం) తప్పనిసరి: 80×60 బోర్డును 10 మిల్లీమీటర్లకొక చోట తడిమితే 63 బిందువులు. ఒక క్లిప్పు రాగికి, ఒకటి బిట్టుకు పెట్టి, తడమడం మొదలుపెట్టే ముందు బిట్టును చేత్తో రాగి ముక్కకు తాకించి ఆ తాకిడిని మెషిన్ గుర్తించిందో లేదో చూడండి. క్లిప్పు ఊడి ఉంటే బిట్టు ఆగకుండా బోర్డులోకి దిగిపోతుంది. పీసీబీ గీసే ప్రోగ్రాం కైక్యాడ్‌లో ట్రాకులు 0.4, సందు 0.3 కంటే తక్కువ పెట్టుకోకండి. ఎఫ్‌ఆర్4 బోర్డు గాజు నారతో చేసింది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. బట్టలారేసే బాల్కనీలో దాన్ని కోయొద్దు, ఎన్95 మాస్కు, కోసే చోటే వ్యాక్యూమ్ గొట్టం ఉండాలి. వీలైతే కాగితపు పొరల ఎఫ్‌ఆర్1 వాడండి, బిట్టు కూడా ఎక్కువ రోజులు వస్తుంది.

చప్పుడు గురించి ఓనర్లు అడుగుతారు. స్పిండిల్ ఒక్కటే అయితే మిక్సీ కంటే తక్కువ. దాని పక్కన వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టగానే కింది అంతస్తుకు వినబడుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైతో పెట్టె, ముందు అక్రిలిక్ తలుపు, అడుగున మందపాటి రబ్బరు మ్యాటు ఉంటే రాత్రి తొమ్మిది దాకా నడుపుకోవచ్చు. పెట్టె మూసేస్తే మోటారు వేడెక్కుతుంది కనుక గంటకోసారి చేత్తో తాకి చూడాలి. మోటారు వెనక బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు మామూలుగానే ఉంటాయి, అవి నారింజ రంగు వలయంగా మారితే మార్చే టైమొచ్చినట్టు. 775 చవక, ఒకటి అదనంగా ఇంట్లో పెట్టుకోండి. దాని బదులు బాష్, మకీటా ట్రిమ్మరు (వడ్రంగులు చేత్తో పట్టుకు వాడే చిన్న రూటరు) బిగిద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. దాదాపు ఒకటిన్నర కిలో ఉండే ఆ బరువును స్పిండిల్‌ను పైకీ కిందికీ కదిపే ఈ జెడ్ క్యారేజీ మోయలేదు, వంగే కడ్డీలు ఇంకాస్త వంగుతాయి. ట్రిమ్మరు కావాలంటే 4040 సైజు మెషిన్‌కు వెళ్లాల్సిందే.

మొదట్లో చెప్పిన మూడో వంతు డబ్బుకు లెక్క ఇది: అయస్కాంత స్టాండుతో డయల్ గేజి, డిజిటల్ వెర్నియరు, మంచి 3.175 కాలెట్ రెండు, ఒకే అంచు బిట్లు పది, 60, 90 డిగ్రీల వీ-బిట్లు రెండేసి, ఎన్95 మాస్కులు, అదనపు మోటారు, పెట్టెకు ప్లై. వీటిలో డయల్ గేజి ఒక్కటి వాయిదా వేయొద్దు. మిగతావి నెలకొకటి కొనుక్కున్నా నడుస్తుంది.

సెకండ్ హ్యాండ్‌వి మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు తరచూ అమ్మకానికి వస్తాయి, ఊరు మారేవాళ్లవి. సగం ధరకు వస్తే తీసుకోవచ్చు, చూడకుండా మాత్రం డబ్బు పంపకండి. వెళ్లేటప్పుడు మీ ల్యాప్‌టాపు, డయల్ గేజి తీసుకెళ్లండి. మూడు వైపులా పూర్తి దూరం నడిపి మధ్యలో మోటారు కూత పెడుతుందేమో వినండి. చక్కును చేత్తో తిప్పి గేజి మీద ఊపు చూడండి. పవర్ తీసేసి స్పిండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపితే టకటకమంటే లీనియర్ బేరింగులు పోయాయి. అవి మార్చడం కష్టం కాదు గానీ అన్నీ విప్పి మళ్లీ గ్రానైటు గట్టు మీద మొదటి నుంచి కట్టాలి, బేరం ఆడేటప్పుడు ఆ ఆదివారం ధర కూడా కలుపుకోండి.